ఉక్కు పగిలిన కథ

మన భాషలో బలమునకు మారుపేరు ఉక్కు. పట్టుదల గలవానిని ఉక్కుమనిషి అందుము. చెదరని నిశ్చయమును ఉక్కు సంకల్పమందుము. ఈ గౌరవము ఆ లోహమునకు ఊరక వచ్చినది కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రము ఉక్కుకై పారశీక వర్తకులు దూరదేశమునుండి వచ్చెడివారు. కాని కొలిమి ముందు కూర్చుండి చేతులు కాల్చుకొన్న కమ్మరి ఉక్కును గురించి మనవలె ఒక్క గుక్కలో మాటలాడడు. కత్తిని ఎఱ్ఱగా కాచి నీటిలో ముంచినచో అది గట్టిపడును. ఆ గట్టితనము మితిమీరెనా, రాతికి తగిలిన తోడనే పుటుక్కున విరుగును. అందుచేతనే అతడు ముంచిన కత్తిని మరల సన్నసెగను కాచి, దాని పొగరు కొంత దించి, అప్పుడు గాని పిడి బిగింపడు. గట్టితనము ఒక గుణము, విరుగకుండుట మరియొక గుణము. ఒకదానిని పెంచుకొన్నకొలది రెండవది తరుగుచుండుట పెక్కు ఉక్కులయందు చూచుచుందుము.

కమ్మరికి తెలిసిన ఈ సంగతిని, వేలమైళ్ల పొడవున భూమిలోను సముద్రగర్భములోను ఉక్కు గొట్టములు పరచిన ఇంజనీర్లు మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చినది. ఆ పాఠమునకు చెల్లించిన మూల్యము కొంత ధనము, కొంత కాలము, కొన్ని ప్రాణములు. ఆ కథనే మేము ఇప్పుడు చెప్పబూనితిమి.

1875వ సంవత్సరమున లండనులోని రాయల్ సొసైటీవారి సంపుటములలో డబ్ల్యు. హెచ్. జాన్సన్ అను నాతని వ్యాసమొకటి ప్రకటితమైనది. ఇనుపతీగ లాగు కార్ఖానాలలో తీగమీద పేరుకొన్న తుప్పుపొరను పోగొట్టుటకు దానిని ఆమ్లపు తొట్టిలో ముంచి తీయుట వాడుక. అట్లు కొద్ది నిమిషములు మునిగి వచ్చిన తీగ మునుపటి తీగవలె ఉండదని జాన్సన్ గమనించెను. అంతకుముందు పలుమారులు అటునిటు వంచినను తెగని తీగ, ఆమ్లస్నానము తరువాత ఒకటి రెండు వంపులకే తెగును. తెగిన చోటును తడిపి చూచినచో సన్నని బుడగలు నురుగువలె పొంగును. మరింత వింత యేమనగా, ఆ తీగనే కొన్ని దినములు అట్లే విడిచిపెట్టినను, లేక వెచ్చబెట్టినను, పోయిన సాగుడుగుణము మరల దానిని చేరుకొనును. జాన్సన్ పలు ఆమ్లములను పరీక్షించి, ఇనుముతో కలిసినపుడు ఉదజని వాయువును వెలువరించు ఆమ్లములకే ఈ దోషము కలదని తేల్చెను. తీగను పెళుసుగా చేసినది ఆమ్లము కాదు, దాని మూలమున పుట్టి ఇనుములోనికి దూరిన ఉదజని. సృష్టిలోని మూలకములన్నిటిలో మిక్కిలి తేలికయైనది అదియే. గాలిబుడ్డలలో నింపి ఎగురవేయు వాయువు ఇనుపతీగను విరుగగొట్టునని చెప్పినచో నమ్మశక్యము కాదు. జాన్సన్ ప్రయోగములు మాత్రము ఎవరైనను చేసి చూచుకొనదగినంత తేటగా ఉండెను. నూనెబావుల వారికి ఈ వ్యాసముతో పని పడుటకు ఇంకను 75 ఏండ్లు పట్టినది.

ఈలోపల మన దేశముననే ఒక చిత్రము జరిగినది. ఆంగ్లేయుల సైన్యము నిలువచేసికొన్న ఇత్తడి తూటాల తొడుగులు వానకాలము వచ్చునప్పటికి వానియంతట అవియే నిలువునా పగులుచుండెను. ఎవరును వానిని కొట్టలేదు, పేల్చలేదు. ఎండకాలమంతయు నిక్షేపముగానుండి, వానలు తగులగానే పగులుటచేత ఈ రోగమునకు ఋతువును బట్టియే పేరు పెట్టిరి. దీని గుట్టును 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అను మువ్వురు విప్పిరి. తూటాల నిలువలు గుఱ్ఱపుసాలల చెంత ఉండుట కద్దు. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమ్మోనియా ఘాటు, వానకాలపు తేమతో కలిసి ఇత్తడికి సోకుచుండెను. అంతమాత్రముననే పగులదు; సాదా ఇత్తడి రేకునకు ఆ గాలియే సోకినను ఏమియు కాలేదు. కాని తూటా తొడుగును అచ్చులో బలవంతముగా లాగి సాగదీసి చేయుదురు. ఆ పని ముగిసిన పిదప కూడ లోహములో ఒక బిగువు మిగిలియుండును, పైకి కనబడదు. లోపల బిగువు, వెలుపల అమ్మోనియా. ఈ రెండును కలిసినప్పుడే పగులు పుట్టినది. తొడుగులను సన్నసెగను కాచి బిగువు సడలించగానే రోగము కుదిరినది.

ఈ తూటాల వృత్తాంతమును మేము కొంత విస్తరించి చెప్పుటకు కారణము కలదు. ఇటుపై చెప్పబోవు ప్రమాదములలో పెక్కింటియందు ఇదే అమరిక కనబడును. లోహము ఒక జాతిదై యుండవలెను, దానిపై బిగువు ఉండవలెను, పరిసరములలో దానికి సరిపడని పదార్థమొకటి ఉండవలెను. ఏ రెండు ఉన్నను చాలదు. మూడును కూడినచో, పరీక్షశాలలో ఎంతో బరువు మోసి మెప్పుపొందిన లోహము అందులో సగము బరువునకే పగులును. అందువలన ఇట్టి పగులును ముందుగా లెక్కగట్టుట కష్టము. తుప్పు పట్టినచో కంటికి కనబడును, మందము తగ్గును, కొలిచి చూడవచ్చును. ఈ పగులు వెండ్రుక వాసివంటిది. గొట్టము కొత్తదానివలె నిగనిగలాడుచుండగానే లోలోపల సాగిపోవుచుండును.

పగులు ఏల అంత ప్రమాదకరమో గ్రహించుటకు బట్టల కొట్టునకు పోయి చూచిన చాలును. చాపు గుడ్డను రెండు చేతులతో పట్టి చింపుట బలవంతునకు కూడ అసాధ్యము. కొట్టువాడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగును. గుడ్డ చరచర చిరుగును. లాగిన బలమంతయు ఆ గాటు మొనయందు కేంద్రీకరించుటయే దీని రహస్యము. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమున పనిచేసిన గ్రిఫిత్ అను ఇంజనీరు గాజును తీసికొని ఈ విషయమునే గణితములో నిరూపించి 1921లో ప్రకటించెను. మెత్తని ఉక్కులో గాటు మొన కొంత సాగి మొద్దువారును, అందుచే పగులు ముందుకు పోవుటకు వెనుదీయును. గట్టి ఉక్కు సాగదు. మొన వాడిగానే యుండును.

ఇక గొట్టముల కథలోనికి వత్తము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో సహజవాయువును వందల మైళ్ల దూరము పంపు గొట్టములు విరివిగా వేయసాగిరి. వాయువును ఎంత ఒత్తిడితో పంపినచో అంత లాభము. ఒత్తిడికి తాళుటకు గొట్టము మందముగానైన నుండవలెను, గట్టి ఉక్కుదైన గావలెను. ఉక్కు బలము రెండింతలైనచో గోడ మందము సగమునకు తగ్గించవచ్చును. కొనవలసిన ఉక్కు సగము, మోయవలసిన బరువు సగము, అతుకు పని కూడ ఆ మేరకు తగ్గును. ఇంతటి ఆదాయమును చూచి ఏ కంపెనీ ఊరకుండును? 1948లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారు ఎక్స్-42 అను తరగతిని నిర్ణయించిరి. చదరపు అంగుళమునకు 42,000 పౌనుల లాగుడుకు వంగక తాళునది అని ఆ అంకెకు అర్థము. పిదప ఎక్స్-52, ఎక్స్-60, ఎక్స్-70, ఎక్స్-80 అని తరగతులు మెట్లుమెట్లుగా పెరిగినవి. ఉక్కులో నియోబియము వంటి లోహములను చిటికెడు కలిపియు, రోలింగు మిల్లులో వేడిని అదుపుచేసియు ఈ బలమును సాధించిరి. పని గొప్పదే, సందేహము లేదు. కాని అంకె పెరిగిన కొలదియు గొట్టము అంతకంతకు క్షేమమైనదను భావము కూడ వెంట పెరిగినది. ఆ భావమునకు దెబ్బ తగిలిన చోటు ఫ్రాన్సు.

ఫ్రాన్సు దేశమునకు నైరుతి మూలను, పిరనీసు కొండల దిగువనున్న బేర్న్ సీమలో లాక్ అను పల్లె కలదు. చుట్టును పొలములే. 1949 డిసెంబరులో అచ్చట తక్కువ లోతున కొంత నూనె తగిలినది. యుద్ధము వలన చితికియుండి, ఇంధనమునకై పరదేశములవైపు చూచుచున్న ఫ్రాన్సునకు ఆ కొద్ది నూనెయే గొప్ప ఆశ కల్పించినది. ఇంకను లోతునకు పోయి చూతమని మూడవ బావి త్రవ్వనారంభించిరి. 1951 డిసెంబరు 19వ తేదీన, సుమారు 3,550 మీటర్ల లోతున, బావి తన్నుకొనిపోయినది. భూగర్భమున సుమారు 650 వాతావరణముల పీడనమున అణగియున్న వాయువు ఒక్కసారిగా దారి దొరికి పైకి లేచినది. బావి నోరు కట్టుటకు, ఇట్టి పనులలో ఆరితేరిన మైరన్ కిన్లీ అను అమెరికనును పిలిపింపవలసివచ్చినది.

పైకి వచ్చినది సామాన్యమైన వాయువు కాదు. నూటికి 15 పాళ్లు హైడ్రోజన్ సల్ఫైడు, సుమారు 10 పాళ్లు బొగ్గుపులుసు వాయువు. మురిగిన కోడిగ్రుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడుదే. కొద్దిగానున్నప్పుడు కంపు, గాలిలో వేయింట ఒక పాలు ఉన్నచో కొన్ని ఊపిరులలోనే మనిషి కూలును. ఎక్కువైనప్పుడు వాసనను గ్రహించు శక్తిని కూడ అదియే చంపివేయుట దాని ద్రోహబుద్ధి. మనుష్యులకు ఇట్టిదైన వాయువు ఉక్కునకేమి చేయునో లాక్ ఇంజనీర్లు కొద్దికాలములోనే చూచిరి. త్రవ్వుడు గొట్టములు, బావి గొట్టములు గాజు కడ్డీలవలె విరిగినవి. తుప్పు తిని పలుచబడి కాదు. మందము చెక్కుచెదరకయే విరిగినవి.

కెనడాలోను, పశ్చిమ టెక్సాసులోను ఈ వాయువు గల బావులలో 1950 ప్రాంతముననే ఇట్టి అనుభవము కలిగియుండెను. అచ్చట నికెలు కలిపిన ఖరీదైన ఉక్కు గొట్టములు దింపినను అవియు విరిగినవి. గొట్టము విరిగినచో ఇంకను బలమైన గొట్టము తెమ్మనుట మనుష్యుని సహజబుద్ధి. తాడు తెగిన చోట మోకు కట్టుదుము. కాని ఇచ్చట ఎంత గట్టి ఉక్కు తెచ్చిన అంత త్వరగా విరిగినది. మేలురకమని పేరుపొందినదే ముందుగా మోసము చేసినది.

కారణము జాన్సన్ తీగలో ఉన్నది. తేమగల హైడ్రోజన్ సల్ఫైడు ఇనుమును తాకినపుడు అది కొద్దికొద్దిగా తుప్పుపట్టును, ఆ పనిలో ఉదజని పరమాణువులు పుట్టును. సాధారణముగా ఇట్టి పరమాణువులు రెండేసి జతగూడి, వాయువుగా మారి, బుడగలై వెడలిపోవును. జతగూడిన ఉదజని ఇనుములో దూరజాలదు. గంధకము ఆ జతకూడుటకు అడ్డుపడును. పెండ్లి కాని పరమాణువులు ఎటు పోవుటకును తోచక ఇనుములోనికే చొరబడును. లోపల ఎచ్చట లోహము బిగువుచే కొంత సాగి ఎడముగానున్నదో, అనగా ఏదైన గాటు మొన ఎదుట, అచ్చటికే పోయి గుమిగూడును. మెత్తని ఉక్కు ఈ ఒత్తిడికి సాగి సర్దుకొనును. గట్టి ఉక్కునకు ఆ సర్దుబాటు తెలియదు. మరియొక విశేషము: అధికమైన వేడిలో ఈ ప్రమాదము తగ్గును. లాక్ బావి అడుగున సుమారు 140 డిగ్రీల వేడి. ఆ నిప్పులగుండమున గొట్టమునకున్న భయము కంటె, నేలకు దగ్గరగా చల్లని చోట దానికున్న భయము ఎక్కువ. వేడియే లోహమునకు శత్రువని తలచువారికి ఇది తలక్రిందులుగా తోచును.

లాక్‌లో పని సాగించిన ప్రభుత్వపు నూనె సంస్థయు, వలూరెక్ వంటి గొట్టముల కంపెనీలును కలిసి ఒక ఉక్కు కొరకు వెదకిరి. ఇట్టి వెదకుటలో పరీక్ష మిక్కిలి సాదాది. ఉక్కు పలకలను వంచి, బిగువు పెట్టి బిగించి, ఆ వాయువు సోకు చోట ఉంచవలెను. ఏది ఎన్ని గంటలకు, ఎన్ని దినములకు విరుగునో లెక్కవ్రాసికొనవలెను. విరుగనిది దొరకువరకు ఓపిక పట్టవలెను. చివరకు నిలిచినది అందరికంటె బలమైన ఉక్కు కాదు. గట్టితనమును మితములో ఉంచి, కాచి పదును దించి, నలువైపుల ఒకే తీరున చేసిన ఉక్కు. గట్టితనము తగ్గినందున గోడ మందము పెంచవలసివచ్చినది, బరువు పెరిగినది, ఖర్చు పెరిగినది. బావి కనుగొన్న అయిదేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1957లో గాని లాక్ వాయువు వాడుకలోనికి రాలేదు. మా దృష్టిలో ఈ కథయందు నిలిచి చూడవలసిన ఘట్టము ఈ అయిదేండ్లే. కాళ్లక్రింద నిధి ఉన్నది, దేశము ఎదురుచూచుచున్నది, పత్రికలు వ్రాయుచున్నవి. అయినను గొట్టము దొరకువరకు ఆగిరి.

తరువాత లాక్ చరిత్ర అంతయు వైభవమే. చెంతనే మూరెన్స్ అను క్రొత్త పట్టణము వెలసినది. వాయువునుండి వేరుపరచిన గంధకము ఏటా పది లక్షల టన్నులకు మించి, ఫ్రాన్సును ప్రపంచపు గంధకపు వర్తకములో ముందువరుసకు తెచ్చినది. 2013 అక్టోబరులో ఆ వాయువును అమ్మకమునకై తీయుట ఆపిరి.

లాక్‌లోను, టెక్సాసులోను, కెనడాలోను నేర్చిన పాఠమును 1975లో అమెరికాలోని తుప్పు ఇంజనీర్ల జాతీయ సంఘమువారు ఒక నిబంధనగా వ్రాసిరి. అందులో పేరుపొందిన అంకె 22. ఉక్కు గట్టితనమును కొలుచు రాక్‌వెల్ సి కొలమానమున సామాన్యపు ఉక్కు 22ను మించియున్నచో హైడ్రోజన్ సల్ఫైడు గల చోట దానిని వాడరాదు. ఇంజనీరింగు నిబంధనలలో సాధారణముగా ఇంతకు తగ్గకుండవలెను అనుటయే వాడుక. ఇంతకు మించకుండవలెనని బలమునకే పైకట్టు వేసిన నిబంధన అరుదు. గొట్టమంతయు మెత్తగానుండి, రెండు గొట్టములు కలియు అతుకు దగ్గర మాత్రము వెల్డింగు వేడికి లోహము గట్టిపడినచో, ఆ వ్రేలెడు మేరయే చాలును. అందువలన తనిఖీదారుల దృష్టి గొట్టము మీదకంటె అతుకు మీద ఎక్కువ.

ఈ రోగము వాయువులోని విషము వలననే వచ్చునను భ్రమ అమెరికాలోని లూసియానాలో తొలగినది. 1965 మార్చి 4వ తేదీ తెల్లవారుజామున నాకిటోష్ అను ఊరివద్ద 24 అంగుళముల వాయు గొట్టము పగిలి, మంటలు లేచి, 17 మంది మరణించిరి. ఆ గొట్టములో పోవునది శుద్ధిచేసిన మంచి వాయువు. పగులు పుట్టినది లోపలినుండి కాదు, వెలుపలినుండి. భూమిలో పాతిన గొట్టమునకు పూత పూయుదురు. పూతతోపాటు తుప్పు పట్టకుండ స్వల్పమైన విద్యుత్ప్రవాహమును కూడ పంపుదురు. పూత ఊడిన చోట, నేలలోని తేమయు, ఆ ప్రవాహమును కలిసి ఉక్కు పక్కన ఒక విధమగు సోడానీరును తయారుచేసినవి. ఆ నీరు ఉక్కు రేణువుల సందులలో దారిచేసికొని లోనికి పోయినది. కాపాడుటకై చేసిన ఏర్పాటే పగులునకు తోడ్పడుట చూడుడు! ఈ ప్రమాదము అమెరికాలో 1968 నాటి వాయు గొట్టముల భద్రతా చట్టమునకు ఒక ముఖ్యకారణమైనది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునందలి పార్కిన్స్ ఈ జాతి పగుళ్లను గురించి పెక్కేండ్లు పరిశోధించెను. ఆపై 1985 ప్రాంతమున కెనడాలో, సోడానీరు కాక, సుమారు మంచినీటివంటి నేలనీటిలోనే పగుళ్లు పుట్టుట బయటపడినది. గొట్టమునకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ లేచిపోయి, దాని క్రింద నీరు నిలుచుట అచ్చటి కారణము. దానిపై 1995లో అచ్చటి ప్రభుత్వ శక్తిమండలి బహిరంగ విచారణ ప్రారంభించినది.

మెత్తని ఉక్కు వాడినచో నిశ్చింత అని తలచినవారికి పారశీక సింధుశాఖ వేరొక పాఠము చెప్పినది. అబుదాబికి ఎదుట సముద్రములో ఉమ్ షైఫ్ అను నూనె క్షేత్రము కలదు. 1972లో అచ్చట వేసిన గొట్టము వాడుక మొదలైన కొద్ది వారములలోనే పగిలినది. ఉక్కు గట్టితనము హద్దులోనే ఉన్నది, అయినను పగిలినది. కోసి చూడగా గోడ లోపల మెట్లమెట్లుగా చీలికలు కనబడినవి. ఉక్కు కరగించునపుడు అందులో మిగిలిపోయిన గంధకము మాంగనీసుతో కలిసి చిన్న చిన్న నలుసులై యుండును. రోలింగు మిల్లులో ఉక్కు పలకను ఒత్తినపుడు, అప్పడాలకఱ్ఱ క్రింద పిండిలోని పలుకువలె, అవియు అణగి పలుచని రేకులగును. దూరిన ఉదజని పరమాణువులు ఆ రేకుల అంచులను చేరి, అచ్చట జతగూడి వాయువై, బయటికి పోజాలక, పొంగి పొంగి ఉక్కును చీల్చినవి. ఈ మారు తప్పు బలముది కాదు, శుభ్రతది.

దీనికి మందు ఉక్కు కార్ఖానాలోనే దొరకినది. కరగిన ఉక్కులో గంధకమును పది లక్షల పాళ్లలో పది ఇరువది పాళ్లకు దించి, పిదప కాల్షియము కలిపినచో, మిగిలిన నలుసులు ఒత్తినను చదును కాని గుండ్రని పూసలుగా మారును. హైడ్రోజన్ సల్ఫైడు నింపిన ఉప్పునీటిలో ఉక్కు ముక్కను 96 గంటలు నానబెట్టి, తరువాత కోసి చీలికలు లెక్కించు పరీక్షను ఏర్పరచిరి. ఇది 1984లో అధికారిక ప్రమాణమైనది. మన బొంబాయి తీరమున దక్షిణ బసీన్ క్షేత్రమునుండి హజీరాకు సముద్రగర్భమున వచ్చు వాయువునందును హైడ్రోజన్ సల్ఫైడు కలదు. హజీరాలో దానిని తొలగించి, గంధకమును వేరుచేసిన పిదపనే వాయువు ఉత్తరదేశమునకు సాగిపోవు పెద్ద గొట్టమునకు అందును.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. గొట్టము పగిలినదనగానే తెలుగువారికి గుర్తువచ్చునది 2014 జూన్ 27వ తేదీ, కోనసీమలోని నగరం గ్రామము. తెల్లవారుజామున వాయువు ఊరిపై క్రమ్మి అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు మాడిపోయినవి. అది మనము చెప్పుకొనుచున్న పగులు కాదు. సరిగా ఆరబెట్టని వాయువుతో వచ్చిన నీరు గొట్టము అడుగున చేరి, తుప్పుపట్టించి, గోడను తినివేసినది. అది కొలిచి కనిపెట్టదగిన రోగము. కనిపెట్టుటకు దారి ఉన్న రోగముచే మనుష్యులు చనిపోవుట, కనబడని పగులుచే చనిపోవుటకంటె బాధాకరమని మేము భావింతుము.

నేర్చిన పాఠము నిలిచియుండునా అనిన, కాస్పియన్ సముద్రము వైపు చూడవలెను. కజకిస్తానమునకు చెందిన కషగాన్ క్షేత్రమును 2000లో కనుగొనిరి. అచ్చటి వాయువులోను హైడ్రోజన్ సల్ఫైడు లాక్‌కు తీసిపోదు. లాక్ అనుభవము, 1975 నాటి నిబంధన, 96 గంటల పరీక్ష, ఇవన్నియు పుస్తకములలో ఉన్నవి. పలు దేశముల పెద్ద కంపెనీలు కలిసి పనిచేసినవి. 2013 సెప్టెంబరు 11న నూనె పారినది. అదే నెలలో గొట్టము కారినది. బాగుచేసి మొదలుపెట్టగా అక్టోబరులో మరల కారినది. ఉత్పత్తి ఆపి గొట్టములను పరీక్షించినపుడు తేలిన కారణము గంధకపు వాయువు వలని పగుళ్లే. ఒకటి రెండు ముక్కలు మార్చిన తీరునది కాదని, నూనె గొట్టము, వాయు గొట్టము కలిసి సుమారు 200 కిలోమీటర్ల మేర పూర్తిగా తీసి క్రొత్తవి వేసిరి. మూడేండ్లు ఆగి 2016లో పని మరల సాగినది. 1951లో ఫ్రెంచివారు ముందుగా ఆగిరి, వీరు పిదప ఆగిరి. ఆగుట మాత్రము తప్పలేదు.

ఇటీవల ఈ కథకు క్రొత్త ప్రకరణము తెరువబడినది. బొగ్గుపులుసు వాయువు వెలువరింపని ఇంధనమని ఉదజనిని అన్ని దేశములు ఆశగా చూచుచున్నవి. గుజరాతులోని కవాస్ వద్ద ఎన్.టి.పి.సి. వారు 2023 జనవరిలో తమ ఉద్యోగుల ఇండ్లకు పోవు వంటవాయువులో కొద్ది పాళ్లు ఉదజని కలిపి పంపుట మొదలుపెట్టిరి. ఇండ్ల గొట్టములలో ఒత్తిడి స్వల్పము, అందుచే అచ్చట భయము తక్కువ. చిక్కు పెద్ద గొట్టములది. సల్ఫైడు మూలమున దొంగదారిని దూరిన పరమాణువు ఇప్పుడు రాజమార్గమున, ఆహ్వానము మీద, గొట్టము నిండుగా వచ్చునన్నమాట. ఉదజని నింపిన గొట్టములో ఒత్తిడి హెచ్చుతగ్గులకు పగులు సాగు వేగము మామూలు వాయువులోకంటె పది రెట్ల వరకు పెరుగునని పరీక్షలు చూపినవి. జర్మనీలోని రూర్ ప్రాంతమున 1938 నుండియు ఉదజని గొట్టములు పనిచేయుచున్నవి గదా అని కొందరందురు. నిజమే, ఆ కాలపు గొట్టములు మెత్తని ఉక్కువి, వానిలో ఒత్తిడియు తక్కువ. నేడు భూమిలో ఉన్నవానిలో పెక్కు గొట్టములు గట్టి తరగతులవి, ఎక్కువ ఒత్తిడికై వేసినవి. ఉదజని గొట్టములకై అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘమువారు 2008లో ప్రకటించిన నిబంధనలలో, ఉక్కు తరగతి పెరిగిన కొలది దాని బలములో కొంత భాగమును లెక్కలోనికి రానీయక కోతపెట్టిరి. అనగా గట్టి ఉక్కు కొన్నవాడు కూడ గోడ మందము పెంచియే గొట్టము వేయవలెను.